మూత ఎత్తరాదు

ప్రభుత్వానికి ఒకరోజు ఉన్నట్టుండి జనం నిద్ర మీద బెంగ పుట్టింది. ఎవరో ఎక్కడో జరిపిన సర్వేలో మనవాళ్ళు రాత్రిళ్ళు సరిగ్గా పడుకోవడం లేదని తేలిందట. దోమలు, కరెంటు కోతలు, వీధి చివర పెళ్ళి మైకులు ఆ సర్వేలో ఉన్నాయో లేవో తెలియదు. ఉన్నా వాటి జోలికి పోవడం కంటే కొత్తగా ఒక శాఖ పెట్టడం తేలికని పెద్దలకు తోచింది. అలా పుట్టింది నిద్రా సంక్షేమ శాఖ. జిల్లాకో ఆఫీసు, ఆఫీసుకో డిప్యూటీ డైరెక్టరు, ఆయనకో జీపు, జీపు తలుపు మీద మూసుకున్న కన్ను బొమ్మ. ఇన్ని ఏర్పాట్లు చేశాక జనం నిద్రపోక చస్తారా అని అందరూ ధైర్యంగా ఉన్నారు.

మన కథ జరిగిన జిల్లాలో ఆ ఆఫీసుకి ఒక పాత ధాన్యం గోడౌను కేటాయించారు. డిప్యూటీ డైరెక్టరు పరబ్రహ్మం గారు అంతకు ముందు మరో నాలుగు శాఖల్లో పనిచేసి, ఆ నాలుగింటినీ నిద్రపుచ్చిన అనుభవం ఉన్నవారు. నిలువెత్తు మనిషి, గంభీరమైన గొంతు. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా సభనుద్దేశించి అడిగినట్టే ఉంటుందని వాళ్ళావిడే ఎవరితోనో అన్నదట. ఆయన కింద సూపరింటెండెంటు కోదండపాణి, కోదండపాణి కింద కొందరు గుమాస్తాలు, అందరికీ కింద జూనియర్ అసిస్టెంటు ఝాన్సీ.

ఝాన్సీకి మూడేళ్ళ కూతురుంది, పేరు మోక్షిత. మొగుడు సాంబశివరావుకి ప్రత్తి మిల్లులో రాత్రి డ్యూటీ. ఇంట్లో ఇంకో దిక్కు అత్తగారు. మోక్షితకి ఒక అలవాటుంది. అమ్మ చెవి తమ్మె వేళ్ళతో పట్టుకుంటే గానీ దానికి నిద్ర రాదు. పట్టుకున్నాక రెండు నిమిషాల్లో ఒళ్ళు తెలియకుండా పడుకుంటుంది, అయినా చెవి మాత్రం వదలదు. ఆ పిల్ల కోసమే ఝాన్సీ చెవులకి ఏమీ పెట్టుకోవడం మానేసింది.

శాఖ పుట్టిన కొన్నాళ్ళకి హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు దిగింది. ప్రతి జిల్లా ఆఫీసూ కనీసం ఒక్క లబ్ధిదారునైనా తెల్లవార్లూ నిద్రపుచ్చి చూపించాలి. గుమాస్తాలు ఊరి మీద పడి ఇంటింటికీ తిరిగి, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగారు. ఒకావిడ పెన్షను ఆగిపోయిందంది. ఒకాయన ముందు మురిక్కాలువ తీయించండి, తర్వాత పడుకుంటానన్నాడు. ఇంకొకాయన, నిద్ర సంగతి అడగడానికి కూడా జీతాలిస్తున్నారా అని కూర్చుని వివరంగా తిట్టాడు. ప్రజలు నిద్రకి ఇంకా సిద్ధంగా లేరని పరబ్రహ్మం గారు పైకి రాసి పంపారు.

గోడౌను ఆవరణలో ఒక ఊరకుక్క ఉండేది. కొత్తగా ఈని, మిగిలిన ఒక్క పిల్లతో పాత గోనెల మధ్య కాపురముంటోంది. జీపు వచ్చినప్పుడల్లా అది మొరిగేది. నిద్రా సంక్షేమ శాఖ ముంగిట్లో కుక్క మొరగడం శాఖ గౌరవానికి భంగమని పరబ్రహ్మం గారు మున్సిపాలిటీకి ఘాటుగా రాశారు. అటువంటి ఉత్తరాల మీద కూడా ఒక్కోసారి చర్య తీసుకుంటారు కాబోలు, వాళ్ళు వచ్చి తల్లిని వ్యానులో వేసుకుని పోయారు. పిల్ల గోనెల కింద దూరి ఉండడంతో వాళ్ళ కంటపడలేదు.

ఆ సాయంత్రం మొదలైంది పిల్ల ఏడుపు. తెల్లవార్లూ ఏడ్చింది. మర్నాడూ అంతే. గోడౌను చుట్టుపక్కల వాళ్ళు పొద్దున్నే ఎర్రబడ్డ కళ్ళతో గుంపుగా వచ్చి నిలబడ్డారు.

"ఏందయ్యా, మీ బోర్డు మీద ఏం రాసుంది? మీరు రాకముందు మా బతుకేదో మేం పడుకుంటన్నాంగా!" అన్నాడు ఇస్త్రీ బండాయన.

ఇంకొకరైతే సిగ్గుపడేవారు. పరబ్రహ్మం గారికి స్ఫూర్తి కలిగింది. సిబ్బందినందరినీ పిలిచి గోనెల ముందు నిలబెట్టారు. పిడికెడంత పిల్ల, చింతపండు రంగు, తలకు మించిన చెవులు. అది వీళ్ళందరినీ చూసి ఏడుపు ఆపి, అందులో తల్లి లేదని తేల్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"చూస్తున్నారుగా! కొత్త పరిసరాలు, తల్లి లేమి, చీకటి! ఇంతకంటే నిద్రకు దూరమైన ప్రాణి జిల్లాలో ఇంకొకటి ఉన్నదా? సదరు శునక శిశువును తెల్లవార్లూ నిద్రింపజేసిన యెడల యావత్తు జిల్లాను నిద్రింపజేసినట్లే కదా!" అన్నారాయన.

ఝాన్సీకి ఆ పిల్లని చూస్తే మోక్షిత గుర్తొచ్చింది. ఉండబట్టలేక అంది, "సార్, మున్సిపాలిటీ వాళ్ళనడిగి తల్లిని తెప్పిస్తే సరిపోద్దేమోనండీ. రెండూ కలిసి పడుకుంటాయి."

పరబ్రహ్మం గారు ఆమెని జాలిగా చూశారు. "తల్లిని తొలగించమని రాసింది మనమేనమ్మా. మన ఉత్తర్వును మనమే తిరగదోడుకుంటే పరిపాలన ఏమి కావలెను? తల్లి ప్రస్తావన ఇక మీదట తేవద్దు."

శునక శిశువు శాఖవారి తొలి లబ్ధిదారు అయింది. కుక్కపిల్ల కొత్త ఇంట్లో కుదురుకుని నిద్రపోవడం ఎలా అన్న విషయం మీద హెడ్డాఫీసు నుంచి మార్గదర్శకాలు వచ్చాయి. ఏ దేశపు పుస్తకంలోంచి ఎత్తారో గానీ వాటిలో ఉన్నవి మంచి మాటలే. మెత్తటి గుడ్డ పరిచిన పెట్టె ఉండాలి. తల్లి గుండె చప్పుడని భ్రమించేలా పక్కన గడియారం టిక్కుటిక్కుమంటూ ఉండాలి. వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టాలి. తోడుగా మాతృహృదయం గల ఉద్యోగి ఒకరుండాలి.

మాతృహృదయం కోసం వెతకనక్కర్లేకపోయింది. ఆఫీసులో చిన్నపిల్ల తల్లి ఝాన్సీ ఒక్కతే. ఇంట్లో పసిపిల్ల ఉన్న కారణంగా ఆమెను రాత్రంతా ఆఫీసులో ఉండమని ఆదేశించారు. పగటి డ్యూటీ నుంచి మినహాయింపు ఉత్తర్వులో ఎక్కడా లేదు కాబట్టి అదీ కొనసాగింది. సాయంత్రం ఇంటికి వెళ్ళి వండిపెట్టి, పిల్లకి అన్నం తినిపించి, మళ్ళీ వచ్చేటంత వ్యవధి మాత్రం దయతో ఇచ్చారు.

"సార్, మా పాప నేను లేందే పడుకోదండీ," అంది ఝాన్సీ.

"అది తాత్కాలికమమ్మా. లబ్ధిదారు నిద్రకు అలవాటు పడిన వెంటనే నీకు విముక్తి," అన్నారు పరబ్రహ్మం గారు. దాంతో ఝాన్సీకి ఒకటే లెక్క మిగిలింది. కుక్కపిల్ల పడుకుంటే తన పిల్ల పడుకుంటుంది.

ఆమె చేతుల్లో వదిలేసి ఉంటే ఆ పిల్ల ఎప్పుడో కుదురుకునేది. మొదటి రోజు ఝాన్సీ తన పాతచీర ముక్క మడతపెట్టి పెట్టెలో వేసింది. పిల్ల దాన్ని వాసన చూసి, చుట్టూ తిరిగి తిరిగి, మధ్యలో ముడుచుకు కూర్చుంది. కోదండపాణి వచ్చి చీర చూశాడు.

"ఇదేందమ్మా? ఇది శాఖవారు కొన్న గుడ్డ కాదే!"

"మెత్తగా ఉంటదని వేశానండీ."

"మెత్తదనం తేల్చటానికి పద్ధతుంది. రేపు ఆడిట్ వాళ్ళొచ్చి ఈ చీరెక్కడిదంటే నేనేం చెప్పాల?" అని చీర లాగేశాడు. నాలుగు కొట్లలో ధరలు కనుక్కుని తెప్పించిన గుడ్డ గంజి వాసన కొడుతూ అప్పడంలా బిగుసుకుని ఉంది. పిల్ల దాని మీద కాలు పెట్టి వెనక్కి తీసేసుకుంది.

గడియారం వచ్చింది. ఆఫీసులకి గడియారమంటే గోడగడియారమే, అందులోనూ గంటలు కొట్టేది. అది టిక్కుటిక్కుమన్నంతసేపూ పిల్ల చెవులు రిక్కించి వింటూ నెమ్మదిగా కళ్ళు వాల్చేది. సరిగ్గా అప్పుడు గడియారం ఠంగుమని కొట్టేది. పిల్ల ఎగిరిపడి కుయ్యోమనేది. వేడినీళ్ళ సీసాకి నీళ్ళు కాచే సాధనం మంజూరు కావలసి ఉన్నందున చల్లటి నీళ్ళు పోసిన సీసాని వేడినీళ్ళ సీసా అని చీటీ అంటించి పెట్టారు.

ఇవన్నీ ఒక ఎత్తు, తనిఖీ ఒక ఎత్తు. ఝాన్సీ ఎలాగో తంటాలు పడి, కటిక నేల మీద కూర్చుని, పెట్టెలో చెయ్యి పెట్టి పొట్ట నిమిరి నిమిరి పిల్లని జోకొట్టేది. పాపం దానికి కన్నంటుకునేది. అప్పుడు కోదండపాణి టార్చిలైటు పట్టుకుని వచ్చేవాడు.

"పడుకుందా?"

"పడుకుందండీ. మెల్లిగా మాట్లాడండి."

"మాట కాదమ్మా, రుజువు కావాల. కళ్ళు మూసుకుందో లేదో చూడొద్దా?" అని లైటు తిన్నగా దాని కళ్ళలోకి కొట్టేవాడు. పిల్ల దిగ్గున లేచేది. తనిఖీ సమయమున లబ్ధిదారు మెలకువగా ఉన్నట్లు గమనించడమైనది అని రాసుకుని ఆయన వెళ్ళిపోయేవాడు. ఝాన్సీ మళ్ళీ మొదటికొచ్చేది.

అక్కడ ఇంట్లో ఇంకో కథ. పొద్దున్నే ఇల్లు చేరేసరికి అత్తగారు గుమ్మంలోనే అందుకుంది. "రాత్రంతా ఏడిచి ఏడిచి ఇప్పుడే కళ్ళు మూసిందమ్మా. నా చెవి పట్టుకోవే అంటే కమ్మ గుచ్చుకుంటందని తోసేసింది. తీసేశాను. తీసేసినా మా అమ్మ చెవి కాదంది. ఏందే ఈ ఉద్యోగం? కుక్కపిల్లని నిద్రబుచ్చటానికి గవర్నమెంటు మనుషుల్ని పెట్టుకుంటందని ఎవురికన్నా చెబితే నన్ను పిచ్చిదాన్ననుకుంటారు."

ఆవిడ చెవులు బోసిగా ఉన్నాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ కమ్మలు తీసిన మనిషి కాదు. ఝాన్సీ లోపలికి పోయి కూతురి పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి పిల్ల మొహం వాచిపోయి ఉంది.

వారాంతపు సమీక్షా సమావేశానికి లబ్ధిదారుని కూడా పెట్టెతో సహా హాజరు పరిచారు. పిల్ల ఏడుస్తుంటే ఝాన్సీ ఎవరూ చూడకుండా దాన్ని తీసి బల్ల కింద తన పాదాల మీద వేసుకుంది. పరబ్రహ్మం గారు లేచి మొదలుపెట్టారు. నిద్ర యొక్క ఆవశ్యకత, నిద్ర యొక్క చారిత్రక నేపథ్యం, నిద్ర విషయమై శాఖ పుట్టక ముందు నుంచే శాఖ సాధించిన ప్రగతి. గంట గడిచింది. గుమాస్తాలు కళ్ళు తెరుచుకుని నిద్రపోయే పాత విద్యలో మునిగారు. ఉన్నట్టుండి ఆయనకి ఏదో వెలితిగా తోచింది. ఏడుపు వినిపించడం లేదు.

వంగి బల్ల కిందికి చూశారు. ఝాన్సీ కాళ్ళ మీద శునక శిశువు పొట్ట పైకి పెట్టి, నాలుగు కాళ్ళూ వదిలేసి, గురకపెట్టి పడుకుని ఉంది.

పరబ్రహ్మం గారి కళ్ళు చెమర్చాయి. "నా సర్వీసంతా నేను మాట్లాడుచుండగా మనుషులు నిద్రపోతే అది నిర్లక్ష్యమని భావించి మెమోలిచ్చాను. అది నా గొంతులోని శక్తి అని గ్రహించలేకపోయాను," అన్నారు.

"సార్, అది కాళ్ళ వెచ్చదనానికి పడుకుందండీ," అంది ఝాన్సీ. ఆయన వినిపించుకునే స్థితిలో లేరు.

"తమరి గొంతు సార్. నేనెన్నోసార్లు అనుకున్నాను," అన్నాడు కోదండపాణి. ఆ ఒక్క మాటా అతను అబద్ధం చెప్పలేదు.

ఆ రాత్రి నుంచి సమీక్షా సమావేశాలు రాత్రిపూట జరిగాయి. సిబ్బంది అంతా హాజరు కావాలి. పరబ్రహ్మం గారు మైకు ముందు నిలబడి పిల్ల నిద్రపోయేదాకా మాట్లాడేవారు, నిద్రపోయాక లేవకుండా మాట్లాడేవారు. ఎవరైనా గుమాస్తా తూలితే వెంటనే మెమో అందేది. నిద్రా సంక్షేమ శాఖలో నిద్ర లబ్ధిదారులకే గాని సిబ్బందికి కాదని అందులో స్పష్టంగా ఉండేది. మైకు దెబ్బకి చుట్టుపక్కల వాళ్ళు చుట్టాల ఇళ్ళకి పోయి పడుకోవడం మొదలుపెట్టారు. ఇస్త్రీ బండాయన మాత్రం ఎక్కడికీ పోలేక, తెల్లవార్లూ మేలుకుని ఊరందరి బట్టలూ ఇస్త్రీ చేసి పారేసేవాడు.

పిల్ల మటుకు ఝాన్సీ పాదాల మీద హాయిగా పడుకునేది. ఆమె కాలు తిమ్మిరెక్కి కదిపితే చాలు, ఉపన్యాసం ఎంత ఉచ్చస్థాయిలో ఉన్నా లేచి కుయ్యిమనేది. ఈ సంగతి అందరూ చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

అలా జరుగుతుండగా మోక్షితకి జ్వరం వచ్చింది. డాక్టరు చూసి, జబ్బేమీ లేదమ్మా, పిల్లకి నిద్ర లేదు, ముందు దాన్ని పడుకోబెట్టండన్నాడు. ఝాన్సీ సెలవు కోసం పరబ్రహ్మం గారి గదిలోకి వెళ్ళింది.

"సార్, మా పాపకి ఒళ్ళు కాలిపోతందండీ. రెండు రాత్రులు ఇంట్లో ఉంటాను. లేదంటే ఈ కుక్కపిల్లని మా ఇంటికి తీసకపోతాను. రెంటినీ ఒక్కచోటే పడుకోబెట్టుకుంటాను."

"లబ్ధిదారు ఆవరణ దాటరాదమ్మా."

"పోనీ మా పాపనే ఇక్కడికి తెచ్చుకుంటాను."

"బయటివారికి ప్రవేశం లేదు."

ఝాన్సీకి దుఃఖం ఆగలేదు. "మన శాఖ పని నిద్రపుచ్చటమే గదండీ సార్. మా పిల్ల నిద్రపోవట్లేదండీ. అదీ ఈ జిల్లా మనిషే గదండీ."

పరబ్రహ్మం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆమె బాధ తనకి అర్థమైందని చూపడానికి ఆయన అలా చేస్తారు. "వ్యక్తిగత నిద్రలు మన పరిధిలోకి రావమ్మా. అయినను నీ విషయములో ఒక శుభవార్త కలదు," అంటూ ఒక కాగితం ముందుకు తోశారు.

హెడ్డాఫీసుకి ఒక సందేహం వచ్చిందట. లబ్ధిదారు నిద్రకు కారణం డిప్యూటీ డైరెక్టరు గారి ప్రసంగమా, మాతృహృదయం గల ఉద్యోగి సమక్షమా? పరబ్రహ్మం గారికి ఆ సందేహం అవమానంగా తోచింది. అది తీర్చడానికి ఆయనే మార్గం ఆలోచించారు. ఆ రాత్రి ఝాన్సీ ఉండకూడదు. తనిఖీల వల్ల నిద్రాభంగమవుతోంది కాబట్టి పెట్టెకి గాలి రంధ్రాలు చేసి, మూత బిగించి, లక్కముద్ర వేయాలి. ఇక మీదట ఎవరూ ఏ కారణం చేతనూ మూత ఎత్తరాదు. ఎత్తినవారిని నిద్రాభంగ నేరం కింద సస్పెండ్ చేస్తారు. పెట్టె పక్కన ఆయన ప్రసంగం నడుస్తుంది. పాలగిన్నె అడుగు కంతలోంచి లోపలికి పోతుంది.

"మరి అది రాత్రి ఏడిస్తేనండీ?" అంది ఝాన్సీ.

"ఏడ్చినచో నీ సమక్షము అనివార్యమని రుజువైనట్లే. అప్పుడు నీ రాత్రి విధులను శాశ్వతము చేయక తప్పదు."

ఝాన్సీ మళ్ళీ లెక్క వేసుకుంది. చీకటి పెట్టెలో ఒంటరిగా వేసి మూతపెడితే ఏ పిల్లయినా ఏడవక ఏం చేస్తుంది? ఏడ్చిందంటే తన కూతురు ఇక ఎన్నేళ్ళయినా అత్తగారి బోసి చెవులు తడుముకుంటూ పడి ఉండాల్సిందే.

సాయంత్రం అందరూ మైకు సర్దే హడావిడిలో ఉన్నారు. ఝాన్సీ పెట్టె దగ్గరికి వెళ్ళింది. పిల్ల ఆమెని చూసి ఒళ్ళంతా ఊపేసింది. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. దాన్ని తీసి కూరగాయల సంచీలో పెట్టి, పైన తోటకూర కట్ట కప్పి, పెట్టె మూత వేసింది. గుమ్మం దగ్గర కోదండపాణి లక్క, కొవ్వొత్తి పట్టుకుని ఎదురొచ్చాడు.

"పిల్ల లోపల ఉందా?"

ఆమె సంచీని ఒంటికి అదుముకుంది. సంచీ వెచ్చగా కదిలింది.

"నన్ను మూత ఎత్తి చూడమంటావా ఏంది! ఉత్తర్వు పొద్దుటి నుంచే అమల్లో ఉంది," అని అతనే జవాబు చెప్పుకుని పోయి, ఖాళీ పెట్టెకి నాలుగు వైపులా శ్రద్ధగా ముద్ర వేశాడు.

ఇంటికి వెళ్ళి సంచీ దించగానే అత్తగారు ముక్కున వేలేసుకుంది. "తెచ్చావూ! ఆఫీసు నెత్తికెక్కింది చాలక ఇంట్లోకి కూడానా!" అంటూనే పాలు వెచ్చబెట్టడానికి లేచింది. జ్వరంతో మూలుగుతున్న మోక్షిత కళ్ళు తెరిచి చూసింది. పిల్ల మంచమెక్కి దాని పక్కన చోటు వెతుక్కుని ముడుచుకుంది. మోక్షిత చెయ్యి చాపి, ఆ పెద్ద చెవుల్లో ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. ఝాన్సీ తన చెవి ఇద్దామని వంగేలోగా రెండూ నిద్రపోయాయి. ఆమె కూడా అలాగే ఆ మంచం కోడుకి ఆనుకుని పడుకుండిపోయింది. మెలకువ వచ్చేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చింది.

అప్పుడు భయం వేసింది. ఉద్యోగం పోయిందనే అనుకుంటూ ఆఫీసుకి వెళ్ళింది. గోడౌను ముందు మిఠాయి పంచుతున్నారు.

"చడీ చప్పుడూ లేదు! ఒక్క కుయ్యి లేదు! తెల్లవార్లూ!" పరబ్రహ్మం గారి గొంతు బొంగురుపోయినా మొహం వెలిగిపోతోంది. "చూశావా అమ్మా, నీ సమక్షమునకు నిమిత్తము లేదని తేలినది. నీవు పోయి నీ పగటి పని చూసుకోవచ్చును."

ఝాన్సీ మనస్సాక్షి గల మనిషి. "సార్, ఒక్కసారి మూత తీసి లోపల చూస్తే…" అంది.

"మూతా!" ఆయన పెట్టెకి అడ్డంగా నిలబడ్డారు. "ఎత్తిన యెడల లేవదా? ఇంత శ్రమయును వృథా చేయుదువా?"

కోదండపాణి ఆమెని పక్కకి లాగి మెల్లిగా అన్నాడు, "నోరు మూసుకుని పోమ్మా. మేం కూడా రేపట్నించి ఇంటి దగ్గర పడుకోవాల గదా."

ఆ మాటతో ఆమె మనస్సాక్షి కూడా పడుకుంది. పరబ్రహ్మం గారి ప్రసంగం రికార్డు చేసి పెట్టె పక్కన తిప్పడం మొదలుపెట్టారు. లబ్ధిదారు పేరిట పాలు రోజూ వచ్చేవి, తెల్లారేసరికి గిన్నె ఖాళీ అయ్యేది, కోదండపాణి టీ చిక్కబడింది. నెలలు గడిచాయి. శునక శిశువు ఇంకా శిశువుగానే ఎట్లున్నదని హెడ్డాఫీసు ఒకసారి అడిగితే, సదరు లబ్ధిదారు నిద్రలో ఉన్నందున ఎదుగుదలను గమనించు వీలు కలుగలేదని జవాబు పోయింది. జవాబు సంతృప్తికరంగా ఉన్నదని అక్కడి నుంచి మెప్పు వచ్చింది.

ఇక్కడ ఝాన్సీ ఇంట్లో ఆ పిల్ల పెరిగి నడుమెత్తు కుక్కయింది. మోక్షిత దానికి చెవులోడని పేరు పెట్టింది. అత్తగారు కమ్మలు మళ్ళీ పెట్టుకుంది.

చివరికి కమిషనరు గారే స్వయంగా చూడడానికి వచ్చారు. గోడౌనుకి తోరణాలు కట్టారు. వేదిక మీద కుర్చీల మధ్య పట్టుగుడ్డ కప్పిన పెట్టె. కమిషనరు గారు చెప్పులు విడిచి, మునివేళ్ళ మీద నడిచి, పెట్టెకి చెవి ఆనించారు.

"శ్వాస వినవస్తున్నది. ఎంత క్రమబద్ధమైన శ్వాస!" అన్నారు గుసగుసగా.

తర్వాత వేదిక మీద ఉన్నవాళ్ళందరూ వరసగా చెవి పెట్టి విన్నారు. అందరికీ వినిపించింది. ఒక గుమాస్తాకి గురక కూడా వినిపించింది. ఇదే పద్ధతిలో అన్ని జిల్లాలకూ ముద్ర వేసిన పెట్టెలు, పరబ్రహ్మం గారి ప్రసంగాల రికార్డులూ పంపుతామని కమిషనరు గారు ప్రకటించారు. శునక శిశువుల్ని పంపడం కష్టం గనుక ముందు పెట్టెలు వెళ్తాయన్నారు. వచ్చే ఏడు ప్రజలకి కూడా ఇస్తారట.

ఝాన్సీ వెనక వరసలో గోడ వారగా కూర్చుని ఉంది. సిబ్బంది కుటుంబాలతో సహా రావాలని ఉత్తర్వు. అత్తగారి భుజం మీద మోక్షిత మధ్యాహ్నపు నిద్రలో ఉంది. చెవులోడిని ఇంట్లో కట్టేసి వచ్చారు గానీ అది తాడు తెంపుకుని, వాళ్ళ వాసన పట్టుకుని వచ్చేసింది. జనం కాళ్ళ మధ్య నుంచి దూరి, ఝాన్సీ పాదాలు వెతుక్కుని వాటి మీద పడింది.

వేదిక మీద పరబ్రహ్మం గారు మైకు అందుకున్నారు. నిద్ర యొక్క ఆవశ్యకత మొదలైంది. చెవులోడు ఒకసారి ఆవులించి తల వాల్చేసింది. కాసేపటికి వేదిక మీద కమిషనరు గారి తల కూడా ముందుకి ఒరిగింది. శాఖ పుట్టిన తర్వాత మనిషికి మేలు జరగడం అదే మొదలు.

పరబ్రహ్మం గారు మాట మధ్యలో కుక్కని చూశారు. ఆయన మొహం కందగడ్డ అయింది.

"ఎవరక్కడ! ఊరకుక్కను లోనికి రానిచ్చినదెవరు? ముందు దానిని వెళ్ళగొట్టండి! మా పిల్ల లేచిపోతుంది!"

కోదండపాణి కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చి దాని డొక్కలో పొడిచాడు. గాఢనిద్రలో ఉన్న చెవులోడు ఎగిరి లేచి, నాలుగు కాళ్ళ మీద నిలబడి, తన పుట్టింటి గోడలు అదిరిపోయేలా మొరగడం మొదలుపెట్టింది. కమిషనరు గారు కుర్చీలోంచి పడబోయి నిలదొక్కుకున్నారు. మైకు కీచుమంది. జనం హాహాకారాలు చేశారు. అత్తగారి భుజం మీద మోక్షిత మాత్రం కదల్లేదు, చెయ్యి చాపి గాలిలో దేన్నో తడుముకుంది. చెవులోడు అది చూసి మొరగడం ఆపేసి, ముందు కాళ్ళెత్తి అత్తగారి నడుం మీద ఆనించి, చెవి దాని చేతికిచ్చింది.

గోడౌనంతా నిశ్శబ్దమైపోయింది. అందరూ ఊపిరి బిగపట్టి పెట్టె వైపు చూశారు. పరబ్రహ్మం గారు మునివేళ్ళ మీద వెళ్ళి, వంగి, పెట్టెకి చెవి ఆనించారు. చాలాసేపు విన్నారు. లేచి నిలబడేసరికి ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఇంత మొరిగినా లేవలేదు!" అన్నారు మైకులో.

చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్లకి పిల్ల లేస్తుందేమోనని ఝాన్సీ కూతురిని భుజాన వేసుకుని, అత్తగారినీ కుక్కనూ వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.